చారన్నం రాక్షసుడు

మా అవ్వ వాడికి పేరు పెట్టింది 1997 ఎండాకాలంలో. వాడి అసలు పేరు నాకు తెలిసేసరికి చదువైపోయింది, ఉద్యోగం వచ్చింది, ముందు జుట్టు కూడా కొంచెం వెనక్కి జరిగింది. మధ్యలో అన్నేళ్లూ మా ఇంట్లోనూ, కావలి రైల్వే స్టేషన్ దగ్గర అవ్వావాళ్ల సందులోనూ వాడు బకాసురుడే. ఆ సందులో పెరిగి ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నవాళ్లని పట్టుకుని మారియో అనే వీడియో గేమ్‌లో కోట చివర వంతెన మీద నిలబడేవాడు ఎవడని అడగండి, సగం మంది బకాసురుడనే చెప్తారు. ఇంగ్లీషులో వాడి పేరు బౌజర్ అంటే, పెట్రోలు బంకుకొచ్చే ట్యాంకరేమో అనుకుంటారు.

మాది ఒంగోలు. బడికి సెలవలిచ్చిన మర్నాడే అమ్మ నన్ను పాసింజర్ ఎక్కించేది. టంగుటూరు, సింగరాయకొండ దాటి ఉలవపాడులో బండి ఆగగానే మామిడికాయల గంపలు ఎక్కేవి, ఇక అక్కణ్ణించి కావలి దాకా పెట్టెంతా బంగినపల్లి వాసనే. గూడూరు నించి పెద్దమ్మ కొడుకు వచ్చేవాడు. నాకంటే మూడేళ్లు పెద్ద. ఇందులో ‘అన్న’ అంటే ఆయనే.

ఆ ఏడు మా మామయ్య పెళ్లి. చీరలకని మద్రాసు పోయిన మామయ్య సాయంత్రం పినాకినిలో దిగాడు. (అప్పటికే చెన్నై అని మార్చారు గానీ, నెల్లూరు జిల్లాలో ఇప్పటికీ పెళ్లి బట్టలు మద్రాసులోనే కొంటారు.) చీరల సంచులతో పాటు ఒక అట్టపెట్టె. బర్మా బజార్‌లో ఆరువందలు చెప్పాడంట, నాలుగువందల యాభైకి ఇచ్చాడంట. ఎర్రా తెల్లా వీడియో గేమ్ డబ్బా, దానికి రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ, ఇటికరాయంత అడాప్టరు, ఒక పసుప్పచ్చ క్యాసెట్టు. జాయ్‌స్టిక్ అనాలని, క్యాసెట్టుని కాట్రిడ్జ్ అనాలని మాకు చెప్పినవాళ్లు లేరు. చెప్పినా వినుండేవాళ్లం కాదు.

ఎదురింటి వాళ్ల క్యాసెట్టు మీద 9999 ఆటలని రాసుండేది. నిజానికి అందులో ఉన్నవి ఏడెనిమిది, అవే తిరిగి తిరిగి వచ్చేవి. మా దాంట్లో మాత్రం ఒక్కటే ఆట. మోసపోయామని మామయ్య మీద అలిగి అన్న ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ ఒక్క ఆటే రెండెండాకాలాలు మమ్మల్ని తినేస్తుందని అప్పుడేం తెలుసు.

టీవీ బ్లాక్ అండ్ వైటు, పోర్టబుల్. వెనక యాంటెన్నా వైరు పీకి, డబ్బా వైరు పెట్టి, స్క్రూడ్రైవరుతో బిగించి, నాబు సన్నగా తిప్పుతుంటే చుక్కల్లోంచి మారియో తేలేవాడు. బొమ్మ రాకపోతే క్యాసెట్టు పీకి గట్టిగా ఊదడం. అన్న ఊదితే వచ్చేది, నేనూదితే వచ్చేది కాదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు. రంగుల సంగతి అసలు లేదు. మారియో టోపీ ఎర్రదని నాకు తెలిసింది ఎదురింటి కలర్ టీవీలో. మా ఇంట్లో మారియో బూడిద, మేఘం తెలుపు, నిప్పు బూడిద, బకాసురుడు కొంచెం ముదురు బూడిద.

మొదటి రోజు మొదటి పుట్టగొడుగు రాక్షసుడికే పన్నెండుసార్లు చచ్చాం. నడుచుకుంటూ ఎదురొస్తుంటే దాన్ని ఏం చెయ్యాలో తెలిసేది కాదు. మూడు ప్రాణాలు, అవి అయిపోతే మళ్లీ ఒకటి నించి. ఆట మొత్తం ఎనిమిది లోకాలు, లోకానికి నాలుగు అంచెలు, నాలుగోది కోట. మొదటి కోట దాకా పోవడానికే మాకు వారం పట్టింది.

ఆ మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. రోహిణి కార్తె. వీధి తలుపు మూసి, కిటికీకి తడిపిన గోనె కట్టారు. అవ్వ నడవలో చాప మీద కూచుని చింతపండు పిక్కలు తీస్తోంది. రాయి మీద కాయ పెట్టి కొట్టడం, పిక్క విదిలించి చేటలో వెయ్యడం. టక్, టక్. ఆట పాట కూడా మారిపోయింది, కోటలోకి వెళ్లగానే వచ్చే ఆ గుండెదడ పాట. నిప్పుల గొలుసులు గిరగిరా తిరుగుతున్నాయి. అన్న ఒక్కోదాన్నీ దాటుకుంటూ పోతున్నాడు. ఎవరూ కనపడకముందే కుడివైపు నించి బుస్సుమని ఒక మంట వచ్చింది. తర్వాత ఇంకోటి. వదిలేవాడు మాత్రం ఇంకా కనపడలేదు.

అన్న రెండడుగులు వేసేసరికి వచ్చాడు. వంతెన మీద, ముందుకీ వెనక్కీ ఊగుతూ, నోరు తెరిచి మూస్తూ. మా టీవీలో వాడు పందో తాబేలో మొసలో తేలేది కాదు. వీపు మీద మాత్రం ముళ్లు. అన్న చేతులు ఆగిపోయాయి. మంట తగిలి మారియో ఎగిరి కింద పడిపోయాడు.

టక్ ఆగింది. అవ్వ కళ్లజోడు పైకి నెట్టుకుని చూసింది.

"ఎవుర్రా వాడు, బకాసురుడి మాదిరి నోరు తెరుస్తుండాడు?"

అంతే. పేరు పడిపోయింది.

అవ్వ అక్కడితో ఆగలేదు. ఆ మధ్యాహ్నమంతా కథ అల్లేసింది. వాడు బకాసురుడైతే ఈ మీసాలాయన భీముడు. మనిషి లావు, మీసం ఉంది, బుర్రతో ఇటికరాళ్లు పగలగొడుతున్నాడు, ఇంకెవరవుతాడు? మరి భీముడు ఇంత పొట్టేంది అవ్వా అంటే, పుట్టగొడుగు తినంగానే పెరుగుతున్నాడు గదా, అదే బండెడన్నం అంది. బకాసురుడి దగ్గరికి తీసుకుపోవాల్సిన అన్నమంతా దారిలోనే తినేసి పోయాడు గదా భీముడు, వీడూ అంతే, కోటకి పోయేముందు తినే పోతున్నాడు. ఒక్క ముక్క తేడా లేకుండా అతికింది. పువ్వు తింటే నిప్పులు విసరడం ఎందుకొస్తుందని అన్న అడిగాడు. "నీకు అన్నీ కావాల" అని మళ్లీ రాయందుకుంది.

ఆటలో ఇద్దరు ఆడొచ్చు. ఒకడు మారియో, ఒకడు వాడి తమ్ముడు లూయీజీ. నేను ఎప్పుడూ తమ్ముడే. అన్న చస్తే నాకు వంతు. నేను చావడానికి ఎక్కువసేపు పట్టేది కాదు కాబట్టి రిమోటు అటే తిరిగేది. ఎప్పుడన్నా నా అదృష్టం బాగుండి నేను కోట దాకా పోతే, సరిగ్గా ఆ మొదటి మంట వచ్చే చోట అన్న స్టార్టు బటన్ నొక్కేసేవాడు. ఆట ఆగేది.

"ఇటియ్యి."

"నేనాడతా అన్నా."

"నువ్వు సంపేస్తావురా. ఇటియ్యి."

సంపేస్తావంటే బకాసురుణ్ణి కాదు, మారియోని. ఇచ్చేసేవాణ్ణి. అలా నా లూయీజీ బకాసురుడితో చేసిన యుద్ధాలన్నీ అన్న చేసినవే. గెలిస్తే మాత్రం పైన స్కోరు నా పేరు కిందే పడేది, అది నాకు చాలనిపించేది. తాటిముంజలు తిన్న చేతుల్తో రిమోటు పట్టుకుంటే ‘A’ బటన్ నొక్కితే లోపలే ఉండిపోయేది. అది కూడా నా మీదే పడేది.

వాణ్ణి ఎట్టా చంపాలో ఊరికే తెలియలేదు. మిగతావన్నీ నెత్తి మీద తొక్కితే చస్తాయి గదా అని అన్న వాడి నెత్తి మీదకి ఎగిరాడు. మారియోనే చచ్చాడు. రెండు మూడు రోజులు అదే. ఒకరోజు వాడు పైకి ఎగిరినప్పుడు అన్న భయపడి కిందనించి లగెత్తాడు, అటుపక్క ఏదో తగిలింది. అంతే, వంతెన ముక్కముక్కగా వెనక్కి ముడుచుకుపోయింది. బకాసురుడు గాల్లో కాళ్లాడించి నిప్పుల్లోకి పోయాడు. తగిలింది గొడ్డలి అని చాలాకాలానికి తెలిసింది, మా టీవీలో అది దీపపు బుడ్డిలా కనపడేది.

మేం ఎగిరి గంతులేస్తుంటే అవ్వ మాత్రం పెదవి విరిచింది. "ఇదేం యుద్ధంరా? మోకాలితో నడుం విరిచి సంపాల. వంతెన కూల్చి పరిగెత్తేదానికి భీముడెందుకు?"

అవ్వ అన్నది నిజమే. నలభై ఏళ్ల చరిత్ర ఉన్న ఆటలో మొదటి యుద్ధం చూస్తే, అది యుద్ధం కాదు. పారిపోతూ గెలవడం. వాడికన్నా కాళ్ల కింద వంతెన బలహీనమని కనిపెట్టడమే అందులో విద్య.

తర్వాత నిప్పులు విసిరి చంపొచ్చని కూడా తెలిసింది. అయిదు తగలాలి. మొదటి కోటలో అట్టా చంపితే బకాసురుడు పడిపోతూ పడిపోతూ చిన్న పుట్టగొడుగు రాక్షసుడైపోయాడు. మొదటి రోజు మమ్మల్ని పన్నెండుసార్లు చంపినవాడే! రెండో కోటలో చంపితే మామూలు తాబేలు, మూడో కోటలో గట్టి చిప్ప తాబేలు. అన్న మొహం పాలిపోయింది. ఇన్నాళ్లూ మనం చంపినవాళ్లు నకిలీలా? అవ్వ మాత్రం అస్సలు ఆశ్చర్యపోలేదు. "మారీచుడు బంగారు జింకై రాలా? అమ్మా సీతా అంటూ పడిపోయినాక గదా రాక్షసుడని తెలిసింది. ఇదీ అంతే." ఏడు కోటల్లో ఏడుగురు వేషగాళ్లు, ఎనిమిదో కోటలోనే అసలువాడు. 1985లో జపాన్‌లో ఆ ఆట చేసినవాళ్లకి మారీచుడి సంగతి తెలుసో లేదో గానీ, పనైతే అదే చేశారు.

కోట గెలిచాక టోపీ పెట్టుకున్న ఒక పొట్టి పిల్లోడు నిలబడి ఉండేవాడు, పైన ఇంగ్లీషులో రెండు ముక్కలు. మొదట్లో మారియో వెతుకుతున్న రాకుమారి వాడే అనుకున్నాం. నాది తెలుగు మీడియం. అన్న గూడూరులో కాన్వెంటు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, అర్థం చెప్పి, నాకు బట్టీ పట్టించాడు: థాంక్యూ మారియో, బట్ అవర్ ప్రిన్సెస్ ఈజ్ ఇన్ అనదర్ క్యాజిల్. అర్థం తెలిసి నేను మొదటిసారి తప్పులేకుండా చెప్పిన ఇంగ్లీషు వాక్యం అది. సెలవల తర్వాత క్లాసులో ‘బట్’ పెట్టి ఒక వాక్యం చెప్పమంటే లేచి అదే చెప్పాను. సారుకి ఏ కోటో, ఏ రాకుమారో అర్థం కాక కాసేపు నన్నే చూసి కూచోమన్నాడు.

అర్థం విన్న అవ్వకి మాత్రం పెద్ద చిక్కొచ్చి పడింది. "ఆడపిల్లని ఎత్తకపోయాడా? బకాసురుడు అట్టాటోడు కాదే. వాడికి అన్నం తప్ప ఇంకో యావ లేదు." రెండు రోజులు ఆలోచించి, వీడు బకాసురుడూ రావణాసురుడూ కలిసి పుట్టినోడని తేల్చింది. పేరు మార్చడానికి మాత్రం ఒప్పుకోలేదు.

ఆ ఎండాకాలం నాలుగో కోటలో ఆగిపోయాం. ఆ కోట పెద్ద మాయ. ఎంత నడిచినా అదే దారి మళ్లీ మళ్లీ వస్తుంది. సరైన మెట్టు మీద నించి పోతే ముందుకి, లేకపోతే తిరిగి మొదటికి. మాకు ఆట చెడిపోయిందనిపించి డబ్బా ఆపి, క్యాసెట్టు ఊది, మళ్లీ ఒకటి నించి మొదలుపెట్టేవాళ్లం. ఒకసారి కాదు.

1998లో అన్న పదో తరగతి పరీక్షలు రాసి వచ్చాడు. సంచి కింద పెట్టకముందే చెవిలో చెప్పాడు, వాళ్ల క్లాసులో ఎవడో చెప్పాడంట, మొదటి లోకం రెండో అంచెలో కప్పు పైకెక్కి, పైనే నడుచుకుంటూ పోతే మూడు గొట్టాలుంటాయి, వాటిల్లో ఒకదాంట్లో దిగితే నేరుగా నాలుగో లోకం. నాలుగో లోకంలో ఒకచోట ఇటికని కొడితే తీగ మొలిచి ఆకాశానికి పోతుంది, అక్కడ ఎనిమిదో లోకం గొట్టం. నేను నమ్మలేదు. సాయంత్రానికి మేం ఎనిమిదో లోకంలో ఉన్నాం, సాయంత్రానికే అక్కడ చచ్చాం కూడా.

ఎనిమిదో లోకం గురించి ఎక్కువ చెప్పను, ఆడినవాళ్లకి తెలుసు. మధ్యలో ఎక్కడ చచ్చినా ఆ అంచె మొదటికే. సుత్తులు విసిరేవాళ్లు జంటజంటగా వస్తారు. అన్న బొటనవేలికి బొబ్బొచ్చి, పగిలి, మళ్లీ దాని మీదే ఇంకోటొచ్చింది. అవ్వ ఆముదం రాసి గుడ్డ కడితే, గుడ్డతో ఆడాడు.

ఆట ఎక్కడిదక్కడ దాచుకునే వీలు లేదు. అందుకని స్టార్టు నొక్కి అట్నే వదిలేసి అన్నానికి పోయేవాళ్లం. వచ్చేసరికి మామయ్య యాంటెన్నా పెట్టుకుని ఏడింటి వార్తలు చూస్తుండేవాడు. డబ్బా ఆన్‌లోనే ఉందా లేదా అన్నదొక్కటే మాకు కావలసిన వార్త. అడాప్టరు పట్టుకుంటే చెయ్యి కాలేది. దాన్ని నీళ్లకుండ మూకుడు మీద పెట్టిన రోజులున్నాయి. ఎట్టా బతికామో.

అసలు కోటకి చేరింది జూన్ మొదట్లో ఒక సాయంత్రం. అన్నకి అదే ఆఖరి ప్రాణం. మారియో పొట్టిగానే ఉన్నాడు, నిప్పుల్లేవు. ఈ కోటా మాయదే, గొట్టాల్లో దిగాలి. తప్పు గొట్టమైతే వెనక్కి. మధ్యలో ఒకచోట నీళ్లలో ఈదాలి. ఏ గొట్టంలో దిగాలో నేను వెనక నోటుపుస్తకంలో రాసిపెట్టిన గుర్తులు చూసి చెప్తున్నాను. నా ఉద్యోగం అది.

ఇంతలో సందులో లైట్లన్నీ పడ్డాయి, ఓల్టేజి దిగిపోయింది. ఓల్టేజి తగ్గితే ఆ టీవీలో బొమ్మ పోదు, ముడుచుకుంటుంది. నాలుగు పక్కలా నల్లటి అంచు పెరుగుతూ వచ్చింది. ఫ్యాను మూలుగుతోంది. మారియో గోరంత అయ్యాడు. అన్న టీవీకి జానెడు దూరంలో మోకాళ్ల మీద కూచున్నాడు. నేను ఇంట్లో ఉన్న ఒక్క బల్బూ ఆర్పేశాను, ఆ కాస్త కరెంటూ టీవీకి వస్తుందని.

సుత్తులోడొకడు అడ్డం. వాణ్ణి దాటాడు. మంట వచ్చింది. వంతెన.

ఈసారి వాడు మంటలూ వదులుతున్నాడు, సుత్తులూ విసురుతున్నాడు. ఒక్కోసారి అయిదారు సుత్తులు వాన పడ్డట్టు. అసలువాడికీ నకిలీవాడికీ చూడ్డానికి తేడా లేదు, కానీ అన్న ముందుకి పోలేదు. ఒకచోట నిలబడి చూస్తున్నాడు. వాడు ఎగరడం, దిగడం, సుత్తులు ఆగడం, మళ్లీ మొదలవడం. నేను ఊపిరి బిగబట్టాను. అవ్వ ఎప్పుడొచ్చిందో మా వెనకే నిలబడి ఉంది, చేతిలో కిరసనాయిలు దీపం. కరెంటు ఎట్టాగూ పోతుందని ముందే వెలిగించి తెచ్చింది.

వాడు ఎగిరాడు. అన్న కిందనించి దూరాడు.

వంతెన ముడుచుకుంది. వాడు పడ్డాడు. ఈసారి టోపీ పిల్లోడు కాదు, కిరీటం పెట్టుకున్న అమ్మాయి. ఆ చిన్న బొమ్మలోనే కనపడింది, కిరీటం. అన్న ఏడుస్తున్నాడు. పదో తరగతి రాసినవాడు.

"ఏం రాశారు, సదువు" అంది అవ్వ.

అన్న కళ్లు తుడుచుకుని కూడబలుక్కున్నాడు. నీ పని అయిపోయింది. నీకింకో కొత్త పని ఇస్తున్నాం. బి నొక్కి లోకం ఎంచుకో.

"అంటే?"

"మళ్లీ మొదట్నించి ఆడమంటుండారవ్వా. ఇంకొంచెం కష్టంగా."

అవ్వ దీపం గూట్లో పెట్టింది. "అయితే మళ్లీ ఎత్తకపోతాడన్న మాట, ఆ సచ్చినోడు."

ఈ మాట తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నానో. తర్వాత వచ్చిన మారియో ఆటల్లో మూడోదాంట్లో ఎత్తుకుపోయాడు, ఆఖరికి తను నిలబడ్డ ఇటికల్ని తనే తొక్కి పగలగొట్టుకుని పడిపోయాడు. 1990లో మళ్లీ, ఈసారి గాల్లో ఎగిరే గిన్నెలాంటి బండిలో. 1996లో త్రీడీకి వచ్చాక తోక పట్టుకుని గిరగిరా తిప్పి విసిరితే గానీ పోలేదు. 2006లో నిప్పుల్లో పడి ఎముకల గూడై కూడా లేచి వచ్చాడు. 2007లో రాకుమారిని కోటతో సహా పెకిలించి అంతరిక్షానికి పట్టుకుపోయాడు. 2017లో ఏకంగా పెళ్లి ఏర్పాట్లే చేసుకున్నాడు, చివర్లో మారియో కూడా పోటీగా పువ్వు పట్టుకుని నిలబడితే ఆ అమ్మాయి ఇద్దర్నీ కాదని తన దారిన తను పోయింది. ఆ ముగింపు అవ్వ చూసుంటే బాగుండేది. మధ్యలో మారియోతో కలిసి కార్లపందేలు, ఒక ఆటలో మారియో పక్కనే నిలబడి యుద్ధం కూడా. మా సందులో ఇట్టాటివాళ్లు ఇద్దరు ముగ్గురుండేవాళ్లు, పొద్దున గట్టు తగాదా, సాయంత్రం ఒకే సైకిలు.

అన్న ఇంటరుకి హాస్టల్లో పడ్డాడు. 1999లో రాలేదు, సెలవల్లో కూడా క్లాసులంట. నేనొక్కణ్ణే కావలి వెళ్లాను. డబ్బా బీరువా మీంచి దించి, ఊది, నాబు తిప్పాను. ఒకసారి ఊదితే వచ్చింది. మొదటి కోట దాకా పోయాను. మంట వచ్చే చోటికి రాగానే నా బొటనవేలు దానంతటదే స్టార్టు నొక్కేసింది. ఆట ఆగింది. నడవలో టక్, టక్. పక్కన ఎవరూ లేరు. కాసేపటికి మళ్లీ నొక్కి ముందుకి పోయి చచ్చాను. మళ్లీ చచ్చాను. మూడోసారీ. అవ్వ నడవలోంచి కేకేసింది, "ఏమైందిరా, ఇంకా పడలా వాడు?" నాలుగోసారి, వాడు ఎగిరినప్పుడు కిందనించి దూరాను.

అవ్వకి చెప్తే, "పొట్టోడైనా సంపావే" అంది. మారియోని అన్నదో నన్నన్నదో.

ఇక అసలు పేరు సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి ఊరికే చదువుతుంటే కనపడింది. బౌజర్ అన్నది అమెరికా వాళ్లు పెట్టుకున్న పేరు. (2019లో ఈ ఆట చేసిన నింటెండో కంపెనీ అమెరికా శాఖకి ప్రెసిడెంటు అయినాయన ఇంటిపేరు కూడా బౌజరే, అది కల్పించినా ఎవరూ నమ్మరు.) ఆ ఆటని తయారుచేసిన మియమోటో మొదట అనుకున్నది తాబేలు కాదంట, ఒక జపాన్ కార్టూన్ సినిమాలోని ఎద్దు రాక్షసుడు. మన మహిషాసురుడి చుట్టమన్న మాట. పక్కన పనిచేసే తెజుకా ఇది తాబేలులా ఉందే అంటే, కొటాబె అనే బొమ్మలాయన చిప్పా ముళ్లూ సరిచేసి ఇప్పుడు మనం చూసే రూపం ఇచ్చాడు. మా టీవీలో వాడు పందో తాబేలో మొసలో తేలకపోవడం మా కళ్ల తప్పు కాదు, ఆట చేసినవాళ్లకే ముందు తేలలేదు.

జపాన్‌లో వాడి పేరు కుప్పా. నేను ముందు వరి కుప్ప అనుకుని నవ్వుకున్నాను, నెల్లూరు జిల్లా బుద్ధి. తర్వాతి వాక్యం చదివి లేచి కూచున్నాను. కొరియాలో గుక్‌బాప్ అని ఒక తిండి ఉంది, జపాన్ వాళ్లు దాన్ని కుప్పా అంటారు. మియమోటో ఆ పేరే పెట్టాడు. గుక్ అంటే చారు. బాప్ అంటే అన్నం.

చారన్నం. రాక్షసుడి పేరు చారన్నం!

అన్నం తప్ప ఇంకో యావ లేని రాక్షసుడని అవ్వ అన్నప్పుడు, చేతిలో చింతపండు రాయి. సముద్రాలవతల ఎవరో పెట్టిన పేరు ఆమెకి ఎవరు చెప్పుంటారు. అప్పటికి అవ్వ పోయి రెండేళ్లు. ఫోను తీసి అన్నకి చేశాను. పదకొండు దాటింది. ఏమైందిరా అని కంగారుగా ఎత్తాడు, ఆ టైముకి ఫోనొస్తే మన ఇళ్లల్లో ఒకటే భయం గదా.

చెప్పాను. చాలాసేపు నవ్వాడు. "కుప్ప కుప్పకూలాడు గదరా" అని, ఆ ముక్కకి తనే మళ్లీ నవ్వాడు. వదిన వెనకనించి ఎవరని అడుగుతోంది.

"ఇంకోటి కూడా చదివానన్నా."

"ఏంది?"

"ప్రాణాలన్నీ అయిపోయి ఆట మొదటికి వచ్చినప్పుడు, ‘A’ బటన్ పట్టుకుని స్టార్టు నొక్కితే, చచ్చిన లోకం మొదట్నించే ఆడొచ్చంట. ఒకటి నించి ఆడక్కర్లేదంట."

అవతల చప్పుడు లేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"ఎనిమిదో లోకంలో చస్తే?"

"ఎనిమిదో లోకం నించే."

"మన డబ్బాలో కూడానా?"

"అదే ఆట గదన్నా."

"రెండెండాకాలాలురా అబ్బయా" అన్నాడు అన్న. "బొటనవేలు చూపిస్తా రా, ఇంకా మచ్చుంది."